డీఎన్ఏ పరీక్షలు, పోలీసు రికార్డులు: జనం తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎన్ఏ అనగానే చాలామందికి సినిమాలో కోర్టు సీను గుర్తొస్తుంది. నిజానికి అది బస్సు ప్రమాదం తర్వాత మార్చురీ దగ్గర, ఫ్యామిలీ కోర్టు వరండాలో, సంతాన సాఫల్య కేంద్రంలో, స్టేషన్‌లో రైటర్ బల్ల ముందు ఎక్కువగా ఎదురవుతుంది. ఆయా చోట్ల జనం అడిగే ప్రశ్నలు, వాటికి ఇప్పుడున్న చట్టం ప్రకారం జవాబులు ఇవి. మీ కేసుకి వర్తిస్తుందా లేదా అన్నది మాత్రం మీ లాయరు చెప్పాలి.

డీఎన్ఏ ప్రొఫైల్ అంటే నా రోగాలు, నా కులం, నా జాతకం అన్నీ అందులో ఉంటాయా?

ఉండవు. ఇక్కడ రెండు మాటలు విడదీసి పట్టుకోవాలి: ప్రొఫైల్ వేరు, శాంపిల్ వేరు. ఈ పేజీలో మిగతాదంతా మర్చిపోయినా ఈ తేడా ఒక్కటి గుర్తుంటే చాలు.

మన డీఎన్ఏలో కొన్నిచోట్ల చిన్న చిన్న ముక్కలు వరసగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఫలానా చోట అమ్మ నుంచి వచ్చిన కాపీలో 13 సార్లు, నాన్న నుంచి వచ్చిన దాంట్లో 15 సార్లు ఉన్నాయనుకోండి. అప్పుడు ల్యాబ్ ఆ చోటికి '13, 15' అని రాసుకుంటుంది. ఇలా ఇరవై చోట్ల లెక్కపెడితే ఇరవై జతల అంకెలు వస్తాయి. ఆడా మగా అన్నది చెప్పే ఇంకో గుర్తు కూడా ఉంటుంది. అమెరికా జాతీయ డేటాబేస్ 2017 నుంచి ఇరవై చోట్లు చూస్తోంది, అంతకుముందు పదమూడే చూసేది. ఆ అంకెల వరస చూసి మీకు షుగర్ వస్తుందో రాదో చెప్పడం కుదరదు. అదే ప్రొఫైల్.

శాంపిల్ అంటే మీ రక్తం చుక్క, బుగ్గ లోపల తిప్పిన దూదిపుల్ల. అందులో మీ డీఎన్ఏ మొత్తం ఉంటుంది. దాన్ని ఇవాళ ఇరవై జతల అంకెల కోసం వాడి ఫ్రీజర్‌లో పెడితే, పదేళ్ల తర్వాత ఇంకెవరో ఇంకో ప్రశ్న వేసి చదవొచ్చు. 'మాకు అంకెలు మాత్రమే కావాలి' అని ఎవరైనా అంటే, 'సరే, మరి దూదిపుల్ల ఏమవుతుంది?' అని అడగాలి.

పోలీసు కేసుల రిపోర్టులన్నీ హైదరాబాద్ నుంచి వస్తాయంటారు, నిజమా?

అన్నీ కాదు. కానీ ఈ దేశంలో ఈ విద్య మొదలైంది మాత్రం మన ఊళ్లోనే. ఇంగ్లండ్‌లో లీసెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టాక, హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం విదేశీ పద్ధతి కొనుక్కోకుండా సొంత పద్ధతి తయారుచేసింది. కేరళలోని తలస్సేరి కోర్టులో ఒక పితృత్వ కేసుకి దాన్ని వాడారు. రాజీవ్ గాంధీ హత్య కేసులో మృతదేహాల గుర్తింపు కూడా ఇక్కడి పనే. తర్వాత ఇదే నగరంలో డీఎన్ఏ పరీక్షల కోసం సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ వచ్చింది. ఇవి కాక రెండు రాష్ట్రాలకూ సొంత ఫోరెన్సిక్ ల్యాబ్‌లు ఉన్నాయి. రోజువారీ కేసులు ఎక్కువగా వాటికే వెళ్తాయి.

పోలీసులు రక్తమో ఉమ్మో ఇమ్మంటే కాదనే హక్కు నాకుందా?

మీరు ఏ హోదాలో ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

మిమ్మల్ని అరెస్టు చేసి, పరీక్షలో ఆ నేరానికి సంబంధించిన ఆధారం దొరుకుతుందనిపిస్తే, పోలీసుల కోరికపై డాక్టరు మీ శాంపిల్ తీయొచ్చు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 51వ సెక్షన్ అందుకు అవసరమైన మేరకు బలం వాడే వీలు కూడా ఇస్తుంది. అత్యాచారం కేసుల్లో నిందితుడికి 52వ సెక్షన్ వర్తిస్తుంది. 'నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదు కదా, రాజ్యాంగం 20(3) ఉంది కదా' అని చాలామంది అడుగుతారు. 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండు మంది జడ్జిల ధర్మాసనం వేలిముద్రలు, చేతిరాత ఇవ్వడం 'సాక్ష్యం చెప్పడం' కిందకి రాదంది. 2010లో సెల్వీ కేసులో నార్కో పరీక్షలు బలవంతంగా చేయకూడదన్న సుప్రీంకోర్టే, డీఎన్ఏని మాత్రం భౌతిక సాక్ష్యం లెక్కలోనే ఉంచింది. నోరు మూసుకునే హక్కు మీకుంది కానీ, రక్తానికి ఆ హక్కు వర్తించదన్నమాట.

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ఇంకో దారి తెరిచింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం పోయి ఇది వచ్చింది. పాత చట్టంలో వేలిముద్ర, పాదముద్ర, ఫొటో దాకానే ఉండేది. కొత్తదాంట్లో కంటిపాప, సంతకం, బయోలాజికల్ శాంపిల్, దాని విశ్లేషణ అన్నీ చేరాయి. శిక్షపడినవాళ్లే కాదు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు కూడా దీని కిందకి వస్తారు. ఒక మినహాయింపు ఉంది, స్టేషన్‌లో దాన్ని ఎవరూ మీకు చదివి వినిపించరు: మీ మీద ఉన్న కేసు ఆడవాళ్ల మీదో పిల్లల మీదో జరిగిన నేరం కాకపోయి, శిక్ష ఏడేళ్లకంటే తక్కువైతే, బయోలాజికల్ శాంపిల్ ఇవ్వనని చెప్పొచ్చు. ఊళ్లో కొట్లాట కేసుల్లో చాలా భాగం ఇందులోకే వస్తాయి.

కేసుతో ఏ సంబంధం లేకుండా 'వీధిలో మగాళ్లందరూ వచ్చి ఇవ్వండి' అంటే అది ఇష్టపూర్వకమే. కాకపోతే ఎస్‌ఐ కుర్చీలో కూర్చుని అడుగుతుంటే ఎంతమందికి ఇష్టం లేదని చెప్పే ధైర్యం ఉంటుందో మీకే తెలుసు.

ఇచ్చింది ఎంతకాలం ఉంచుకుంటారు?

75 ఏళ్లు. పాతికేళ్ల కుర్రాడి రికార్డు అతనికి వందేళ్లు వచ్చేదాకా జాతీయ నేర గణాంక సంస్థ దగ్గర ఉంటుంది. ఆ లెక్క ఎవరు ఎందుకు వేశారో నాకైతే అర్థం కాలేదు.

కేసు కొట్టేశారు. నా రికార్డు వాళ్లంతట వాళ్లే తీసేస్తారా?

చట్టం ప్రకారం తీసేయాలి. అంతకుముందు శిక్ష పడనివాళ్లు విచారణ లేకుండా విడుదలైనా, కేసు కొట్టేసినా, నిర్దోషిగా తేలినా, అప్పీళ్లన్నీ అయిపోయాక రికార్డు ధ్వంసం చేయాలి. కాకపోతే 'ఉంచండి' అని కోర్టో మేజిస్ట్రేటో కారణాలు రాసి ఆదేశించే వీలుంది. అప్పీళ్లన్నీ అయిపోవడమంటే మన దగ్గర ఎన్నేళ్లో వేరే చెప్పాలా? అందుకే ఊరుకోకండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేసి, రికార్డు తీసేయమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఈ విషయంలో బ్రిటన్ కథ తెలుసుకోదగ్గది. అక్కడ పదకొండేళ్ల పిల్లాణ్ణి దోపిడీ ప్రయత్నం కేసులో పట్టుకుని, నిర్దోషి అని తేలాక కూడా డీఎన్ఏ అట్టిపెట్టుకున్నారు. ఆ కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్లింది. 2008 డిసెంబర్‌లో జడ్జిలందరూ ఏకగ్రీవంగా తప్పు పట్టారు. 2012లో బ్రిటన్ చట్టం మార్చి, పది లక్షలకు పైగా ప్రొఫైళ్లు చెరిపేసింది. అంత పెద్ద డేటాబేస్‌లో చెరపడం సాధ్యమేనని దాంతో తేలిపోయింది.

డీఎన్ఏ చట్టం వచ్చిందన్నారు కదా?

రాలేదు. 2019 జనవరిలో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది, ఎన్నికలతో అది మురిగిపోయింది. అదే ఏడాది జులైలో మళ్లీ పెట్టారు. జైరాం రమేశ్ అధ్యక్షతన స్థాయీ సంఘం చూసి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, కేరళ ఎంపీ బినోయ్ విశ్వం అందులో అసమ్మతి నోట్లు రాశారు. 2023 జులైలో ప్రభుత్వమే బిల్లు వెనక్కి తీసుకుంది.

పోతే పోయిందిలే అనుకునేవాళ్లున్నారు. నేను పూర్తిగా అలా అనుకోను. ఆ బిల్లులో లోపాలు చాలా ఉన్నాయి: నేరస్థలంలో దొరికినవారందరి ప్రొఫైళ్లూ, అంటే అక్కడ టీ తాగి వెళ్లినవాడిది కూడా, ఒక జాబితాలో చేరే ప్రమాదం ఉండేది. కానీ ల్యాబ్‌లన్నీ గుర్తింపు తెచ్చుకోవాలని, పైన ఒక నియంత్రణ బోర్డు ఉండాలని కూడా అదే చెప్పింది. ఇప్పుడు ఆ బిల్లు లేదు కానీ, శాంపిళ్లు తీసుకోవడం ఆగలేదు. 2022 చట్టం ఉంది, బీఎన్ఎస్ఎస్ ఉంది. తీసుకునే అధికారానికి చట్టాలున్నాయి, తీసుకున్నదాన్ని ఎలా చూసుకోవాలన్నదానికి ప్రత్యేక చట్టం లేదు. 2023 డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందేమో అంటే, నేర పరిశోధనకు అందులో మినహాయింపు ఉంది.

డీఎన్ఏ కలిసిందంటే నేరం రుజువైపోయినట్టేనా?

కాదు. 'ఈ మరక ఇతనిదే' అని చెప్పడం వరకే డీఎన్ఏ పని. అది అక్కడికి ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది చెప్పదు.

జర్మనీలో ఒక విచిత్రం జరిగింది. హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసు హత్యతో మొదలుపెట్టి చిల్లర దొంగతనాల దాకా, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లో నలభై నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికింది. ఏళ్ల తరబడి ఆ 'మాయలేడి' కోసం వెతికారు. 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్ఏ దూదిపుల్లలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికురాలిదట! దూదిపుల్లల్లో క్రిములు లేవు, డీఎన్ఏ మాత్రం ఉంది. ల్యాబ్ తప్పు చదవలేదు. ల్యాబ్ దగ్గరికి వచ్చిందే తప్పు.

మన దగ్గర గొడవంతా దారిలోనే. రక్తం మరకలున్న తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కుక్కి మూతి ముడేస్తే లోపల చెమ్మకి బూజు పట్టి డీఎన్ఏ చెడిపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి, పైన క్రైమ్ నంబరు, సెక్షన్లు, తేదీ రాసి లక్కతో సీలు వేయాలి. ఇది ఏ కానిస్టేబులైనా చేయగల పని, ఖర్చు లేని పని. అయినా పంచనామాలో 'పాలిథీన్ కవరు' అన్న మాట ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు ముందు పట్టుకునేది దాన్నే.

ఢిల్లీ ఛావ్లాలో ఒక యువతి అత్యాచారం, హత్య కేసులో 2012 ఫిబ్రవరి 14న, 16న సీజ్ చేసిన శాంపిళ్లు 27వ తేదీ దాకా స్టేషన్ మాల్‌ఖానాలోనే (సీజ్ చేసినవి ఉంచే గదిలోనే) ఉన్నాయి. ఆ మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని ఎలా నమ్మాలన్నది సుప్రీంకోర్టు 2022లో వేసిన ప్రశ్నల్లో ఒకటి. ఉరిశిక్ష పడిన ముగ్గురూ బయటికొచ్చారు. బాధితురాలి కుటుంబానికి మిగిలిందేమిటో ఊహించుకోండి. శాంపిల్ సరిగా చూసుకోకపోతే నిందితుడికీ అన్యాయమే, బాధితులకూ అన్యాయమే.

2025 జులైలో తమిళనాడు నుంచి వచ్చిన కట్టవెల్లై కేసులోనూ ఇదే జరిగింది. మరణశిక్ష రద్దు చేస్తూ సుప్రీంకోర్టు ఈసారి దేశమంతటికీ నియమాలు పెట్టింది. డీఎన్ఏ శాంపిల్ తీసిన 48 గంటల్లోపు ఎఫ్ఎస్ఎల్‌కి, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కి, చేర్చే బాధ్యత దర్యాప్తు అధికారిదే. ఆలస్యమైతే కారణం రాయాలి. ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు. శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఒక రిజిస్టర్లో రాస్తూ పోవాలి, ఆ రిజిస్టర్ కోర్టు రికార్డులో భాగం కావాలి. కాబట్టి డీఎన్ఏ ఉన్న ఏ కేసులోనైనా, ఏ పక్షానివాళ్లైనా, ముందు అడగాల్సింది ఆ రిజిస్టర్ కాపీ.

బిడ్డ నాకు పుట్టలేదని అనుమానం. కోర్టు డీఎన్ఏ పరీక్షకి పంపుతుందా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది నిద్రలేక, టెన్షన్‌తో అడుగుతారు కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

అడగ్గానే పంపదు. చట్టబద్ధమైన కాపురంలో పుట్టిన బిడ్డ, లేదా విడాకులయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమేనని చట్టం తేల్చేస్తుంది. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 112, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 116. దీన్ని తప్పించుకోవాలంటే, బిడ్డ కడుపున పడే కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువు చేయాలి. 'దుబాయ్‌లో ఉన్నాను, పాస్‌పోర్టు చూడండి' అంటే అది ఒక వాదన. 'ముక్కు నాలా లేదు' అంటే కాదు.

1993లో గౌతమ్ కుండు కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే మాట చెబుతోంది: చేపల వేటలా పరీక్షలు అడగకూడదు, ముందు గట్టి ఆధారం చూపించాలి. 2023లో అపర్ణ ఫిరోడియా కేసులో ఇంకో అడుగు ముందుకేసి బిడ్డ వైపు నుంచి చూసింది. భార్య నడవడి రుజువు చేయడానికి పిల్లాడి శరీరాన్ని సాధనంగా వాడకూడదని, తన గుర్తింపు గురించి పిల్లాడికీ ప్రైవసీ ఉందని చెప్పింది. నా ఉద్దేశంలో ఈ విషయంలో మన కోర్టులు చెప్పిన మంచి మాటల్లో ఇదొకటి. పెద్దవాళ్ల గొడవలో సూది గుచ్చించుకునేది పిల్లాడు. 'నాన్న కాదు' అన్న కాగితం జీవితాంతం మోసేది కూడా వాడే.

దీనికి రెండో వైపూ ఉంది. డీఎన్ఏ రిపోర్టు ఎలాగో కోర్టు ముందుకి వచ్చేసి, అది వ్యతిరేకంగా ఉంటే, 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో సైన్సుదే పైచేయి అని చెప్పి, భరణం కట్టక్కర్లేదన్నారు. అదే ఏడాది దీపాన్విత రాయ్ కేసులో, పరీక్ష కాదనొచ్చుగానీ కాదంటే కోర్టు వ్యతిరేకంగా అనుకునే వీలుందన్నారు.

పిల్లలే తండ్రి కోసం వస్తే? మనవాళ్లకి గుర్తుండే కేసు ఎన్.డి. తివారీది. 2009 దాకా మన గవర్నరుగా ఉన్న ఆయన మీద రోహిత్ శేఖర్ వేసిన కేసులో, ఎంత కాదన్నా వినకుండా 2012 మేలో డెహ్రాడూన్ ఇంట్లో రక్తం తీశారు. అప్పటికాయనకు 86 ఏళ్లు. పరీక్ష చేసింది హైదరాబాద్ సీడీఎఫ్‌డీ. జులైలో తండ్రి ఆయనేనని తేలింది.

కోర్టు ఎందుకు, పిల్లాడి వెంట్రుకలు నేనే ప్రైవేటు ల్యాబ్‌కి పంపించుకుంటే?

చేసేవాళ్లున్నారు. కత్తిరించిన జుట్టులో మామూలుగా పనికొచ్చేంత డీఎన్ఏ ఉండదు, కుదురుతో ఊడిన వెంట్రుక కావాలి. సరే, ఫలితం వచ్చిందనుకుందాం. ఆ శాంపిల్ ఎవరిదో సాక్ష్యం లేదు, తల్లి సంతకం లేదు, కాబట్టి కోర్టులో నిలబడడం కష్టం. ఇంట్లో మాత్రం ఆ కాగితం చేయాల్సిన నష్టం చేసేస్తుంది.

అలాగని ప్రైవేటు పరీక్షంటేనే తప్పని కాదు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం బండారం బయటపడింది, సరోగసీ బిడ్డ అని చేతిలో పెట్టిన బిడ్డకి డీఎన్ఏ పరీక్ష చేయించిన దంపతుల వల్లే.

ప్రమాదంలో మావాళ్లని గుర్తించడానికి మా రక్తం తీసుకున్నారు. అది పోలీసు డేటాబేస్‌లోకి వెళ్తుందా?

వెళ్లకూడదు. 2013 అక్టోబర్‌లో పాలెం దగ్గర వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు, 2025లో పాశమైలారం పేలుడప్పుడు, అదే ఏడాది అక్టోబర్‌లో కర్నూలు దగ్గర బస్సు దగ్ధమైనప్పుడు, ముఖం చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. అమ్మానాన్నల నుంచో, పిల్లల నుంచో రక్తం తీసి పోల్చారు. భార్యాభర్తల మధ్య రక్తసంబంధం ఉండదు కాబట్టి భార్య శాంపిల్ సరిపోదు. ఏడుస్తూ క్యూలో నిలబడ్డ ఆవిడకి ఆ మాట చెప్పడానికి అక్కడ ఒక మనిషిని పెట్టరు, ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఆ కుటుంబాలు నిందితులు కాదు, 2022 చట్టం వాళ్లకి వర్తించదు. కానీ పని అయ్యాక ఆ శాంపిల్ ఫలానా రోజుల్లో ధ్వంసం చేయాలని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. అంగీకార పత్రంలో 'గుర్తింపు కోసం మాత్రమే' అన్న మాట లేకపోతే పెన్నుతో రాసి సంతకం పెట్టండి.

మేం వైశ్యులం. ఆపరేషన్ ముందు డాక్టరు కులం అడిగారు. అది వివక్ష కాదా?

ఆయన అడిగింది మీ మంచికే. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందుని రక్తంలో ఒక ఎంజైము విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. లోపం ఉన్నవాళ్లకి ఆ మందు ఇస్తే ఊపిరి తిరిగి రావడానికి గంటలు పట్టొచ్చు, అందాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే.

సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో 263 దక్షిణాసియా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగాయని, తర్వాత బయటి సంబంధాలు చేసుకోకపోవడంతో అలాంటి లోపాలు నిలిచిపోయాయని చూపించారు. కాబట్టి ఇది వైశ్యులకొక్కరికే ఉన్న ఇబ్బంది కాదు. 'ఫలానా కులానికి ఫలానా రోగం' అని వాట్సాప్‌లో తిరగడం మొదలైతే అది వివక్షే. ఒకరు పరీక్ష చేయించుకుంటే తేలేది ఆ ఒక్కరి సంగతే కాదు, అన్నదమ్ములదీ, వాళ్ల పిల్లలదీ కూడా. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది పరీక్షకి ముందే ఆలోచించుకోవాలి.

సికిల్‌సెల్ కార్డు వచ్చింది. సంబంధాలు తప్పిపోతాయని భయం.

సికిల్‌సెల్ అంటే వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు. దానికోసం 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలనుకుంది. మన ఏజెన్సీ ప్రాంతాలు అందులో ఉన్నాయి. క్యారియర్ అంటే అమ్మానాన్నల్లో ఒకరి నుంచే ఆ లోపం వచ్చినవాళ్లు, రోగి కాదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరు క్యారియరై, రెండోవారిలో ఏ లోపమూ లేకపోతే బిడ్డకి జబ్బు రాదు. కార్డు పెళ్లి వద్దనడానికి కాదు, చూసుకుని చేసుకోవడానికి. కానీ దాన్ని అందరి ముందూ పేరుపెట్టి పిలిచి పంచితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? కార్డు విడిగా, చాటుగా ఇమ్మని అడగండి.

పరీక్షలో ఏదైనా బయటపడితే ఇన్సూరెన్స్ ఇవ్వరా?

2018లో ఢిల్లీ హైకోర్టు జన్యు కారణాలతో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా ఆ ఏడాది మార్చిలో, జన్యు లోపాల సాకుతో క్లెయిములు తిరస్కరించొద్దని కంపెనీలకు చెప్పింది. ప్రత్యేక చట్టం మాత్రం లేదు. అమెరికాలో 2008 నుంచి చట్టం ఉంది, అయితే అది ఆరోగ్య బీమాకి, ఉద్యోగానికే. లైఫ్ ఇన్సూరెన్స్‌కి వర్తించదు. అక్కడున్న మనవాళ్లు పాలసీ తీసుకున్నాకే పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

మా అబ్బాయి అమెరికాలో ఉమ్మితో డీఎన్ఏ చూసే కిట్ కొని, తన ఉమ్మి కంపెనీకి పంపించాడు. ఇక్కడున్న మాకేంటి?

మీకూ ఉంది. అతని డీఎన్ఏలో సగం మీదే కదా. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి వరస హత్యల కేసు తేలింది నేరస్తుడు కిట్ కొన్నందుకు కాదు. వంశవృక్షాల వెబ్‌సైట్ జీఈడీమ్యాచ్‌లో అతని దూరపు చుట్టాలు తమ వివరాలు పెట్టుకున్నందుకు.

ఇలాంటి కిట్లు అమ్మే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసి, ఆ డేటాతో సహా చేతులు మారింది. బాబుకి ఫోన్ చేసి ఖాతా డిలీట్ చేయమని, దాచిన శాంపిల్ కూడా పారేయమని టిక్ పెట్టమని చెప్పండి. ఆ రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి.

కువైట్ వెళ్లాలంటే డీఎన్ఏ ఇవ్వాలా?

ఇప్పుడు అక్కర్లేదు. 2015లో మసీదులో బాంబు పేలుడు తర్వాత పౌరులు, అక్కడ పనిచేసే విదేశీయులు, వచ్చిపోయేవాళ్లు అందరూ డీఎన్ఏ ఇవ్వాలని చట్టం తెచ్చారు. ఇవ్వకపోతే జైలు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఇంటిపనివాళ్లు కూడా అందులోకి వచ్చేవాళ్లే. 2017 అక్టోబర్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది.

ఫారం ముందు పెట్టారు. ఏం చూసుకుని సంతకం పెట్టాలి?

మీకు చదవొచ్చే భాషలో ఉందా చూడండి. లేకపోతే చదివి వినిపించమనండి, చదివినవాళ్ల పేరు ఫారం మీద రాయించండి. ఏ కేసు, ఏ పని కోసమో నంబరుతో సహా ఉండాలి. ఖాళీ గళ్లుంటే అడ్డగీత కొట్టండి. శాంపిల్ ట్యూబ్ మీద మీ పేరు, తేదీ మీ కళ్లముందే రాయాలి, సీలు మీ కళ్లముందే వేయాలి. మైనరైతే తల్లో తండ్రో పక్కనుండాలి. చివరగా ఫారం కాపీ అడగండి. జెరాక్స్ మిషన్ పనిచేయడం లేదంటారు. ఫోన్‌తో ఫొటో తీసుకోనివ్వమనండి.